విజగాపటం పెట్టె ఖరీదు

విజగాపటం అనే ఊరు ఇవాళ ఏ మ్యాపులోనూ లేదు. కంపెనీవాళ్ళ నోట్లో నలిగి అలా తయారైన ఆ పేరుని మనం ఎప్పుడో వదిలించుకుని విశాఖపట్నం అని రాసుకుంటున్నాం, వైజాగ్ అని పిలుచుకుంటున్నాం. కానీ లండన్, న్యూయార్కు వేలంపాటల కేటలాగుల్లో ఆ ఊరు ఇంకా అలాగే ఉంది. ఒక పెట్టె ఫొటో, దాని కింద నాలుగు ముక్కలు ఉంటాయి: విజగాపటం, సుమారు 1790, గంధపు చెక్క మీద ఏనుగు దంతం తాపడం, ఫలానా దొరగారి వారసుల ఇంటినుంచి. ఆ తర్వాత పౌండ్లలోనో డాలర్లలోనో అంచనా ధర.

ఈ పెట్టెలు నాకు వేరేవాటి కోసం వెతుకుతుంటే తగిలాయి. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్ళు అమెరికన్ ఆర్ట్ పాటరీ వేలాలు చూడటం నాకో అలవాటు. 1880ల నుంచి 1920ల దాకా అమెరికాలో చేతిపనిగా చేసిన పూలకుండీలూ కూజాలూ అవి. కొనే స్తోమతా లేదు, కొన్నా పెట్టుకునే చోటూ లేదు. ఒక వస్తువు ధర ఎందుకు పెరుగుతుంది, ఎందుకు కుప్పకూలుతుంది అన్న కుతూహలం, అంతే. ఓసారి అదే సైట్లో పక్క విభాగంలో మా జిల్లా పేరు కనిపించింది. మాది రోలుగుంట. ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ 2022 ఏప్రిల్ దాకా మేం విశాఖపట్నం జిల్లావాళ్ళమే. బళ్ళో చదివిన సాంఘికశాస్త్రంలో ఈ పెట్టెల ఊసు ఉన్నట్టు నాకు గుర్తులేదు.

ఆ కుండలనీ ఈ పెట్టెలనీ పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాక నాకు ఒక తేడా తెలిసొచ్చింది. రెండూ చేతిపనే, రెండూ పాతవే, రెంటికీ సేకర్తలున్నారు. అమెరికన్ కుండతో పాటు దాన్ని చేసినవాళ్ళ పేరు కూడా ఇంతదూరం వచ్చింది. విజగాపటం పెట్టెతో కొన్నవాళ్ళ పేరే వచ్చింది. ధర ఎక్కడ పుడుతుంది, ఎవరికి చేరుతుంది, చివరికి ఆ ఊరికి ఏం మిగులుతుంది అన్నవన్నీ ఈ తేడా మీదే ఆధారపడ్డాయని చెప్పడానికే ఈ వ్యాసం.

బట్టల కోసం వచ్చి

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్ది చివర్లో విశాఖపట్నంలో కోఠీ పెట్టింది. వాళ్ళు వచ్చింది బట్టల కోసం. ఈ తీరంలో అద్దకం బట్టకి, రంగు వెలవని కలంకారీ బట్టకి యూరప్‌లో విపరీతమైన గిరాకీ. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు దుకాణం తెరిచింది కూడా ఇలాంటి వ్యాపారానికే.

బట్టలు కంపెనీ సరుకు. కానీ కంపెనీ ఉద్యోగులకి, ఓడల కెప్టెన్లకి సొంత వ్యాపారం చేసుకునే వెసులుబాటు ఉండేది. ఓడలో వాళ్ళ వంతుకి కొంత చోటు దక్కేది. ఆ చోట్లోకి ఎక్కినవాటిలో ఈ సామానొకటి. స్థానిక పనివాళ్ళకి ఒక ఇంగ్లీషు కుర్చీనో బల్లనో నమూనాగా ఇచ్చి అచ్చం అలాంటిదే చేయమనేవారు. ఆకారం ఇంగ్లీషుది. పైన పనితనం మాత్రం ఇక్కడిది.

ఈ పని చేసినవాళ్ళు కంసాలులని చరిత్రకారులు రాస్తారు. ఇవాళ ఆ మాట వినగానే మనకి బంగారప్పనే గుర్తొస్తుంది గానీ, లోహంతో పాటు కర్ర, దంతం పనులు చేసే కుటుంబాలు కూడా ఆ పెద్ద వృత్తి సమూహంలో ఉండేవి. పద్ధతి ఇదీ: రోజ్‌వుడ్ లాంటి ముదురు రంగు కర్ర మీద గాడి తీసి, అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కని అందులో పొదుగుతారు. ఆ ముక్క మీద సన్నని మొనతో ఆకులూ పూలూ తీగలూ గీస్తారు. గీతల్లో నల్లలక్క నింపి తుడిస్తే తెల్లటి దంతం మీద నల్లటి రేఖలు తేలతాయి. ఆ పూలతీగల్ని కాసేపు తేరిపార చూడండి, ఎక్కడో చూసినట్టే ఉంటాయి. కలంకారీ అంచుల మీద పాకే తీగలే ఇవి. బట్ట మీది బొమ్మ కర్ర మీదకి ఎక్కింది. ఒకే ఊరి రేవులోంచి రెండూ ఓడలెక్కేవి కాబట్టి అందులో వింతేమీ లేదు.

దంతంలో చాలాభాగం బర్మా తీరంలోని పెగూ నుంచి వచ్చేది. మన్యం మనకి అంత దగ్గర, ఏనుగు దంతం అక్కడిదే అనుకుంటాం. కానీ ఈ తీరానికి బంగాళాఖాతం అడ్డంకి కాదు, రోడ్డు లాంటిది. తర్వాతి కాలంలో మనవాళ్ళు రంగూన్‌కి కూలికి వెళ్ళిన దారి కూడా అదే.

1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఇక్కడి అద్దకం బట్టల్నీ, దంతం పొదుగు పనినీ రెంటినీ మెచ్చుకుంటూ రాశాడు. అంటే ప్లాసీ యుద్ధానికి ముందే ఈ పనికి పేరుంది. పేరు ఊరికొచ్చింది. పనివాళ్ళలో ఒక్కరి పేరూ ఆయన రాయలేదు.

రాణిగారి కుర్చీలు

18వ శతాబ్దం రెండో సగంలో పని తీరు మారింది. కర్రలో దంతం పొదగడం పోయి, గంధపు చెక్కతో పెట్టె కట్టి దాన్ని మొత్తంగా పల్చటి దంతపు రేకులతో కప్పేయడం మొదలైంది. నల్ల కర్ర మీద తెల్ల పువ్వు బదులు, తెల్లటి పెట్టె మీద నల్లటి గీతబొమ్మ. మూత తీస్తే గంధం వాసన. కుట్టుసామాను పెట్టెలు, టీ డబ్బాలు, రాత బల్లలు, అద్దం సొరుగులు, ఇలా ఎన్నో రకాలు చేశారు.

వీటిల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచేవి ఇంటి ఆకారంలో చేసిన పెట్టెలు. ఇంగ్లాండులో ఏదో పల్లెలో ఉండాల్సిన ఇల్లు: గోడల మీద ఇటుకల వరసలు, కిటికీలు, తలుపు, వాలు కప్పు. ఆ కప్పే మూత. చేసినవాళ్ళు అలాంటి ఇంటిని కళ్ళతో చూసి ఉండరు. అచ్చుబొమ్మ చూసి గీశారు. ఇవి ఎక్కువగా 1790ల నుంచి కనిపిస్తాయి. ఆ దశాబ్దంలోనే, 1794 జులై 10న, విశాఖపట్నానికి అంత దూరంలో లేని పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడు. తగాదా కప్పం బకాయిల గురించి. ఒకపక్క జిల్లా కంపెనీ పిడికిట్లోకి పూర్తిగా వెళ్ళిపోతోంది, ఇంకోపక్క కంపెనీ దొరసానుల సూదీదారాల కోసం చిన్న చిన్న ఇంగ్లీషు ఇళ్ళు తయారవుతున్నాయి. ఏ కేటలాగులోనూ ఈ రెండు సంగతులూ ఒక పేజీలో పడటం నేను చూడలేదు.

ఇక ధర సంగతి. అలెగ్జాండర్ వించ్ 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. దంతం తాపడం చేసిన విజగాపటం కుర్చీలు ఆయన దగ్గర ఉండేవి. 1781లో ఆయన పోయాక ఇంగ్లాండులో ఆయన ఇంటి సామాను వేలం వేశారు. మూడో జార్జి రాజు ఆ కుర్చీల్ని తన భార్య షార్లెట్ రాణి కోసం కొన్నాడు. రాణి 1818లో చనిపోయింది. మరుసటి ఏడాది ఆమె వస్తువుల్ని క్రిస్టీస్ వేలం వేసింది. ఆ కుర్చీల్లో కొన్ని ఇప్పటికీ బ్రిటిష్ రాచకుటుంబం సేకరణలో ఉన్నాయి.

గవర్నరు, రాజు, రాణి, వేలం సంస్థ. వేలంపాటల భాషలో ఈ వరసకి ప్రావెనెన్స్ అని పేరు. వస్తువు ఎవరెవరి చేతులు మారి వచ్చిందో చెప్పే వంశవృక్షం అన్నమాట. ఒకే తరం, ఒకే పనితనం ఉన్న రెండు కుర్చీల్లో ఒకదానికి ఈ వరస ఉండి ఇంకోదానికి లేకపోతే, మొదటిది ఎన్నో రెట్లు పలుకుతుంది. కర్ర అదే, దంతం అదే. ఎవరు కూర్చున్నారన్నదానికి డబ్బులు.

నా వృత్తిలో అలవాటైన మాటల్లో చెప్పాలంటే, ఈ వేలం రికార్డుని ఒక టేబుల్ అనుకోండి. ఊరు, కాలం, కొలతలు, ఏ కర్ర, ఎక్కడ చిట్లింది, ఎవరి దగ్గర ఉండేది, ఏ పుస్తకంలో అచ్చయింది అని ఇన్ని కాలమ్‌లు ఉంటాయి. చేసినవాళ్ళు అన్న కాలమ్ మాత్రం 18వ శతాబ్దపు విజగాపటం పనికి ఎప్పుడూ ఖాళీయే. ధర లెక్కకట్టే సూత్రంలో ఆ కాలమ్ లేకపోయినా పని నడిచిపోతుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

గవర్నరు నుంచి టూరిస్టు దాకా

19వ శతాబ్దానికి కొనేవాళ్ళు మారారు. గవర్నర్లు ఇళ్ళు నింపుకోవడం తగ్గింది. కలెక్టరు, సైనికాధికారి, వాళ్ళ భార్యలు, ఓడ దిగిన ప్రయాణికులు కొనడం పెరిగింది. వాళ్ళకి బీరువాలు అక్కర్లేదు, పెట్టెలో పట్టే జ్ఞాపిక చాలు. దంతం ఖరీదు కాబట్టి దున్నకొమ్ము, తాబేటిచిప్ప, ముళ్ళపంది ముళ్ళు, దుప్పికొమ్ము వాడి చిన్న చిన్న పెట్టెలు చేశారు. అంచులకి మాత్రం దంతం పట్టీ. 1903 ఢిల్లీ ప్రదర్శన నాటికి విజగాపటం పని అంటే ఇలాంటి అలంకార వస్తువులే.

ఇదంతా పతనం అని రాసేయడం తేలిక, అలా రాసినవాళ్ళున్నారు కూడా. నాకు మాత్రం అది మార్కెట్టు మారితే బతకడం కోసం చేతులు కొత్త పని నేర్చుకోవడంలా కనిపిస్తుంది. దున్నకొమ్ముని వేడిచేసి వంచి, పల్చగా చీల్చి, గాళ్ళు తేలేలా మలచడం చిన్న పనేం కాదు. కానీ ఇవాళ మార్కెట్టు తీర్పు స్పష్టంగా ఉంది: గవర్నరు కాలం నాటి బీరువాకి ఉన్న గౌరవం టూరిస్టు కాలం నాటి కొమ్ముపెట్టెకి లేదు. ఇక్కడా పనివాళ్ళ శ్రమ కంటే కొన్నవాళ్ళ హోదాకే విలువ.

20వ శతాబ్దంలో చాలాకాలం ఈ సామానంతటినీ ఆంగ్లో-ఇండియన్ అనే ఒకే గోనెసంచిలో వేసేవారు. 2001లో అమీన్ జాఫర్ రాసిన పెద్ద పుస్తకం వచ్చింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అమెరికాలో సేలం ఊళ్ళోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలోనూ ఉన్న బ్రిటిష్ ఇండియా, సిలోన్ ఫర్నిచర్ గురించి. ఏ ఊరి పని ఏది, ఏ దశాబ్దంలో ఏ తీరు అన్నది అందులో విడమరిచి రాశాడు. అప్పటినుంచి వేలం కేటలాగులు ఆ పుస్తకం పేజీ నంబరుతో సహా ఉటంకిస్తున్నాయి. ఒక పరిశోధకుడి పుస్తకం అడ్డగోలు గుంపులోంచి ఒక ఊరి పేరుని పైకి తీసింది. పేరు పైకొస్తే ధరకి ఆధారం దొరుకుతుంది. ఊరు దాకా వచ్చాం. మనిషి దాకా రాలేదు.

కుండ అడుగున ఏముంది

ఇప్పుడు ఆ కుండల దగ్గరికి వద్దాం. 1880లో అమెరికాలో సిన్సినాటి ఊళ్ళో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ అనే ఆవిడ రూక్‌వుడ్ అనే కుమ్మరిశాల పెట్టింది. అక్కడి పూలకుండీని తిరగేసి అడుగు చూస్తే ఒక చిన్న దస్తావేజు కనపడుతుంది. ఆర్, పి అక్షరాలు వీపులానించి వేసిన గుర్తు 1886లో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఏటా దాని చుట్టూ ఒక జ్వాల చేర్చారు. 1900 నాటికి పద్నాలుగు జ్వాలలయ్యాయి. ఆ తర్వాత ఏడాదిని రోమన్ అంకెల్లో కింద వేశారు. పక్కన ఆకారం నంబరు, సైజు అక్షరం. అన్నిటికీ పైన, బొమ్మ వేసిన కళాకారుల పొడి అక్షరాలు. 1887లో జపాన్ నుంచి వచ్చి అక్కడ చేరిన కటారో షిరాయామదాని తన పేరుని జపాన్ లిపిలోనే వేసుకునేవాడు. లోపం ఉన్న కుండీ అయితే అడుగున గీరి ఇంటూ గుర్తు పెట్టేవారు. ఇవాళ ఆ ఇంటూ గుర్తుంటే ధర పడిపోతుంది.

అంటే వందేళ్ళ తర్వాత వచ్చే సేకర్తకి కావలసిన సమాచారమంతా మట్టి ఆరకముందే రాసిపెట్టారు. వాళ్ళు అది మన కోసం చేయలేదు. తమ సరుకు ఫ్యాక్టరీ సరుకు కాదని, కళ అని కొనేవాళ్ళని నమ్మించడానికి చేశారు. ఫలితం మాత్రం ఇది: అడుగున ఆ పొడి అక్షరాలు చూసి, అవి ఎవరివో పోల్చుకుని, వాళ్ళ పని మాత్రమే సేకరించే మనుషులు పుట్టారు.

ఈ మార్కెట్టు ఎప్పుడూ పైకే పోయిందని కాదు. 1930ల తర్వాత ఆర్ట్ పాటరీ పాతబడిపోయింది, ఎవరికీ పట్టలేదు. 1972లో ప్రిన్స్‌టన్‌లో ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం గురించి పెద్ద ప్రదర్శన పెట్టాక మళ్ళీ చూపు పడింది. 1980లు, 90ల్లో ధరలు ఎగిశాయి. 1995లో ఈబే వచ్చింది. అప్పటిదాకా ఒక ఊరి పాతసామాన్ల కొట్లో ఒకే ఒక్క రోజ్‌విల్ కుండీ కనపడితే అపురూపమనిపించేది. ఇంటర్నెట్లో అలాంటివి వందలకొద్దీ ఒకేసారి కనపడేసరికి, అచ్చుపోసి విరివిగా చేసిన ఆ సరుకు నిజానికి ఎంత మామూలో అందరికీ తెలిసిపోయింది. దానికి తోడు 90ల చివర్లో చైనా నుంచి రోజ్‌విల్ పేరుతో సహా నకళ్ళు దిగాయి. ధరలు జారాయి. ఒక్కొక్కటిగా చేతితో చేసినవీ, ఎవరు చేశారో తెలిసినవీ మాత్రం చాలావరకు నిలబడ్డాయి.

మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అనే సముద్రతీరపు ఊళ్ళో జార్జ్ ఓర్ అనే కుమ్మరి ఉండేవాడు, 1857 నుంచి 1918 దాకా బతికాడు. కుండని కాగితం కన్నా పల్చగా తిప్పి, నలిపి, మెలిపెట్టి, రెండు కుండలు ఒక్కలా రానివ్వనని పంతం పట్టాడు. ఊరు పిచ్చి కుమ్మరి అంది. అమ్ముడుపోనివి వేలకొద్దీ మూటలు కట్టి పెట్టేసి పోయాడు. కొడుకులు ఆ చోట మోటారు షెడ్డు నడుపుకున్నారు. 1960ల చివర్లో న్యూజెర్సీ నుంచి వచ్చిన కార్పెంటర్ అనే పాతవస్తువుల వ్యాపారి కంటపడ్డాయి. సుమారు ఏడువేల కుండలు. మొత్తానికీ 50,000 డాలర్లు ఇచ్చాడని చెప్పుకుంటారు. తర్వాత అందులో మంచివాటికి ఒక్కోదానికే అంత ధర వచ్చింది. 2010లో బిలాక్సీలో ఓర్ పేరుతో మ్యూజియం తెరిచారు. దాన్ని గీసింది ఫ్రాంక్ గెరీ. పోగొట్టుకున్న కుమ్మరి పేరు చుట్టూ ఆ ఊరు ఒక కట్టడం కట్టుకోగలిగింది. కుండల మీద ఆయన తన పేరు వేసి ఉండబట్టే అది కుదిరింది.

ఓర్‌కి బతికుండగా డబ్బు రాలేదు, పిల్లలకి వచ్చింది కూడా తక్కువే. మార్కెట్టు చేసే న్యాయం ఎప్పుడూ ఆలస్యంగా, వేరేవాళ్ళకి జరుగుతుంది. అయినా ఒక పేరు మిగలడానికీ ఏ పేరూ మిగలకపోవడానికీ తేడా ఉంది.

పదిశాతం గీత

విజగాపటం పెట్టెల ధరని ఇవాళ శాసిస్తున్నది అభిరుచి కంటే చట్టం. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. ఆసియా ఏనుగుకి మొదట్లోనే గట్టి రక్షణ దొరికింది. ఆఫ్రికా ఏనుగుని 1989లో ఆ జాబితాకి మార్చారు. అమెరికా 2016లో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని దాదాపుగా మూసేసింది. వందేళ్ళు దాటిన పాత వస్తువుకి మినహాయింపు ఉంది గానీ, అది అంత పాతదని నిరూపించే భారం అమ్మేవాళ్ళదే. బ్రిటన్ 2018లో చేసిన దంతం చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది.

బ్రిటన్ చట్టం వివరాలు చదువుతుంటే నాకు మన పెట్టెలే కళ్ళముందు తిరిగాయి. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పరిమాణం పదిశాతం కంటే తక్కువుంటే, 20 పౌండ్లు కట్టి నమోదు చేసుకుని అమ్ముకోవచ్చు. అంతకంటే ఎక్కువుంటే, అది 1918కి ముందుదై, కళాపరంగానో చారిత్రకంగానో అసాధారణమైన విలువ ఉన్నదని నిపుణులు ఒప్పుకుంటేనే అమ్మకానికి వీలు. ఆ దరఖాస్తుకి 250 పౌండ్లు. గుర్తింపు ఉన్న మ్యూజియాలకి అమ్మడానికి వేరే మినహాయింపు ఉంది.

ఇప్పుడు మన ఊరి రెండు పద్ధతుల్నీ గుర్తుచేసుకోండి. రోజ్‌వుడ్‌లో పూలు పొదిగిన పాత బీరువా పదిశాతం గీతకి ఇవతల తేలిగ్గా పడుతుంది. చిన్న గంధపు పెట్టెకి నాలుగువైపులా దంతం కప్పినది ఆ గీత దాటే ప్రమాదం ఎక్కువ. దాటిందంటే అసాధారణమైనదని నిరూపించుకోవాలి. ఎలా నిరూపిస్తారు? ఎవరింట్లో ఉండేదో చెప్పి, ఏ పుస్తకంలో ఉందో చెప్పి. మళ్ళీ ప్రావెనెన్సే. గవర్నరుగారి కుర్చీ గట్టెక్కుతుంది. ఏ గుమాస్తా భార్యో కొనుక్కున్న కుట్టుపెట్టె ఇంట్లోనే ఉండిపోతుంది. ఒకే వీధిలో, బహుశా ఒకే కుటుంబం, తండ్రి ఒక పద్ధతిలో, కొడుకు ఇంకో పద్ధతిలో చేసిన వస్తువుల మధ్య రెండువందల ఏళ్ళ తర్వాత లండన్ పార్లమెంటు ఒక గీత గీసింది.

మన దగ్గర కథ ఇంకా ముందే ముగిసింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ దంతం వ్యాపారాన్నీ, 1991 సవరణ దిగుమతి దంతం వ్యాపారాన్నీ ఆపేశాయి. వందేళ్ళు దాటిన పురావస్తువుని దేశం దాటించడం మరో చట్టం ప్రకారం కుదరదు. కాబట్టి లండన్‌లో వేల పౌండ్లు పలికే దంతపు పెట్టెకి అది పుట్టిన విశాఖపట్నంలో చట్టబద్ధమైన అమ్మకం ధర సున్నా.

ఈ నిషేధాల గురించి నాకు బాధ లేదు. ఏనుగు ప్రాణం ముందు ఏ పనితనమూ గొప్పది కాదు. పాత దంతం అమ్మకం తెరిచి ఉంచితే కొత్త దంతం దాని ముసుగులో వస్తుందన్న వాదన సరైనదే. నాకు బాధ వేరే. వ్యాపారం ఆగిపోవచ్చు, ఆ పని మళ్ళీ ఎవరూ చేయనక్కర్లేదు. కానీ అది చేసిన చేతుల గురించి మనకంటూ ఒక జ్ఞాపకం ఉండాలి కదా. దాన్ని కూడా కొనుక్కెళ్ళినవాళ్ళ పేర్ల ద్వారానే తెలుసుకోవలసి వస్తోంది.

వెనక్కి ఇచ్చేయమని అడుగుదామంటే, అది కోహినూరు కథలాంటిది కాదు. ఇవి చాలావరకు ఎవరో చేయించుకుని, డబ్బిచ్చి, ఓడెక్కించుకుపోయినవి. ఆ డబ్బు ఈ నేల శిస్తు నుంచి ఎంత వచ్చిందన్న ప్రశ్న న్యాయమైనదే గానీ, దానికి రసీదు చూపించలేం. వస్తువులు అక్కడే ఉండనీ. వాటి గురించి రాయడం, చెప్పడం మాత్రం ఇక్కడ మొదలుకావచ్చు.

తూకానికి అమ్మే ఊళ్ళలో

మన ఊళ్ళలో పాత వస్తువు ధర ఎలా కడతామో గమనించారా? తూకానికి. రోలుగుంట వీధుల్లో పాతసామాన్లు కొనే అబ్బాయి కేకేసుకుంటూ వస్తాడు. ముత్తవ్వ నాటి ఇత్తడి గుండిగ, కొత్త ఇత్తడి చెంబు, రెండూ ఒకే తక్కెట్లోకి. సొట్టలున్న గంగాళం కిలోకి ఇంత. ఊరగాయ జాడీకి ఆ విలువా లేదు, బీటవేస్తే పెరట్లోకే. చేసింది ఎవరు అన్న ప్రశ్న మనకి రాదు. ఆ ప్రశ్న రాకపోవడం మనకి వేలంపాటలు తెలియకపోవడం వల్ల కాదు. పనివాళ్ళ పేరు అడగడం మనకి అలవాటు లేదు. కులం పేరు అడుగుతాం, ఊరి పేరు అడుగుతాం, అక్కడితో ఆగుతాం.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా ఇదే చూస్తాం. 1951 డిసెంబరులో తెరిచిన ఆ మ్యూజియానికి పేరు కొన్నవాళ్ళదే. అక్కడికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ముసుగు రెబెక్కా ముందు నిలబడతారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న ఆ పాలరాతి బొమ్మ చేసింది బెంజోని అని పలక మీద చదువుతారు. అదే భవనంలో దంతపు వస్తువుల గది కూడా ఉంది. అక్కడ ఏ పేరైనా చదివిన గుర్తు మీకుందా?

ఇది గతం గురించిన ఫిర్యాదుగా మిగిలిపోతే ప్రయోజనం లేదు. మా రోలుగుంట నుంచి బస్సులు మారుతూ వెళ్తే అదే రోజు చేరే దూరంలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ, రంగులక్క అద్ది, బొమ్మలు చేస్తారు. ఆ గుండ్రటి నునుపు మీకు తెలిసే ఉంటుంది. ఈ పనికి సహజ రంగులు మళ్ళీ తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. దానివల్ల వేరే ఊరివాళ్ళు ఏటికొప్పాక పేరు వాడుకోలేరు. కానీ ఆ గుర్తింపు రక్షించేది ఊరి పేరుని. విజగాపటం కూడా ఊరి పేరే. బొమ్మ అట్టపెట్టె మీద ఊరు ఉంటుంది, గుర్తింపు ముద్ర ఉంటుంది, ధర చీటీ ఉంటుంది. తరిణె దగ్గర కూర్చున్న మనిషి పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

ఒక చిన్న మేకుతో అడుగున రెండు అక్షరాలు, ఏడాది అంకె గీయడానికి అర నిమిషం పడుతుంది. రూక్‌వుడ్‌లో చేసింది అంతే. అది చేస్తే రేపే ధర పెరుగుతుందని నేను చెప్పను. రోజ్‌విల్ కథ చూశాం, పేరున్న సరుకు కూడా పడిపోతుంది, నకళ్ళూ వస్తాయి. కానీ వందేళ్ళ తర్వాత ఎవరో ఒక బొమ్మని తిరగేసినప్పుడు, ఆ చివరి కాలమ్ ఖాళీగా ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు తేలవలసిన విషయం. అప్పుడు తేలదు.

కొనేవాళ్ళుగా మనం చేయగలిగింది ఇంకా తేలిక. ఏటికొప్పాకలోనో కొండపల్లిలోనో చేసినవాళ్ళ దగ్గరే బొమ్మ కొంటే, బేరం ఆడేముందు పేరు అడగొచ్చు. వాళ్ళకి అభ్యంతరం లేకపోతే ఆ పేరూ, ఊరూ, తేదీ ఒక చీటీ మీద రాసి బొమ్మతో పాటే ఉంచొచ్చు. నేనిప్పుడు అదే చేస్తున్నాను. ఇంకొకరికి బహుమతి ఇచ్చేటప్పుడు నా పేరు రాయను, ఆ చీటీ మాత్రం బొమ్మతో పాటు ఇస్తాను.